పెద్దకర్మ దాకా

ఆదివారం పొద్దున మీటింగు వందన ఫోనులోనే మొదలవుతుంది. లింకు ఆమే పంపాలి. ఆమె తలుపు తీస్తేనే మిగతావాళ్ళు లోపలికి వస్తారు. మాచర్ల నుంచి ఒకరు, గురజాల నుంచి ఇద్దరు, విజయపురి సౌత్ నుంచి ఒక కాలవల ఉద్యోగి, నరసరావుపేట నుంచి మిగతావాళ్ళు. కరోనా కాలంలో ఇట్లా కలవటం మొదలుపెట్టారు. కరోనా పోయింది, అలవాటు మిగిలింది.

క్లబ్బు పేరు ఆసరా. ఎండాకాలంలో చలివేంద్రం, బడి తెరిచినప్పుడు పుస్తకాలు, అడిగిన ఇంటికి ఆక్సిజన్ మిషను. ఆ మిషను గదిలో గాలినే లోపలికి లాక్కుని, వడగట్టి, సన్న గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. కరెంటు ఉంటే చాలు. క్లబ్బుకు అలాంటివి రెండు ఉండేవి. ఒకటి పాడైపోయి మాచర్లలో మూలన పడింది.

వందన నరసరావుపేటలో కోర్టు ఎదురు వీధిలో ఒక వకీలు దగ్గర టైపు చేస్తుంది. నలభై దాటింది. పెళ్ళి నిలవలేదు. తల్లి కోటమ్మతో ఉంటుంది. కోటమ్మ వయసంతా జిన్నింగు మిల్లులో పత్తి దగ్గర గడిచింది. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద కూడా దూది ఉండేది. అప్పట్లో దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ దూది ఊపిరితిత్తుల్లోకి కూడా పోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

వందనను ఆఫీసులో ఏమ్మాయ్ అంటారు. వీధిలో కోటమ్మ కూతురు అంటారు. మీటింగులో మాత్రం వందన గారు అంటారు. తెర మీద అందరి గళ్ళూ ఒకటే సైజు. పొలాలున్నవాళ్ళ గడీ అంతే, ఆమె గడీ అంతే. ఆమె క్లబ్బులో ఉండటానికి అదొక కారణం. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం సంతాప సమావేశం. క్లబ్బు సభ్యుడు హర్ష వాళ్ళ నాన్న ముందురోజు రాత్రి పోయాడు. ఎడ్లపాడు దగ్గర ఊరు, పెద్ద రైతు. చివరి నెల ఆయన క్లబ్బు మిషను మీదే ఉన్నాడు.

"రెండు నిమిషాలు మౌనం" అన్నాడు బ్రహ్మానందం. ఆయన రిటైరైన మాస్టారు, క్లబ్బు ప్రెసిడెంటు.

అందరూ తలలు వంచారు. ఎవరింట్లోనో కుక్కరు విజిలేసింది. ఎవరూ నవ్వలేదు. వందన తల వంచుకుని, తెరగుడ్డ అవతల తల్లి ఊపిరి వింటోంది. ఆ ఊపిరిలో రంపం కోత ఉంది.

కోటమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి వారం కాలేదు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాల్సిందే అని పంపారు. అద్దెకిచ్చేవాళ్ళు గుంటూరులో ఉన్నారు, వాళ్ళడిగిన డిపాజిటు వందన వల్ల కాలేదు. సిలిండర్లు మార్చుకుంటూ నెట్టుకొస్తోంది. సిలిండరు ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు.

మౌనం అయిపోగానే మిషను అడుగుదామని నోరు తెరిచింది. బ్రహ్మానందం సంతాప తీర్మానం చదివాడు. అందరూ సెలవు తీసుకున్నారు. అడగలేదు.

అడగకూడదు. ఒక రూలు ఉంది. రెండేళ్ళ కిందట ఒక సభ్యుడు చావింటికి మర్నాడే వెళ్ళి మిషను అడిగాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. శవం మీద సొమ్ము ఒలుచుకోవటానికి వచ్చారా అన్నారు. ఆ మాట నరసరావుపేట అంతా తిరిగింది. ఆ వారం మీటింగులో తీర్మానం చేశారు: పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటిని ఏదీ అడగరాదు. అందరూ తెర మీద చెయ్యి బొమ్మ నొక్కారు. వందన కూడా నొక్కింది. అప్పుడది మర్యాదగానే అనిపించింది.

మధ్యాహ్నం ఆమె బ్రహ్మానందానికి ఫోను చేసింది.

"మాస్టారూ, మిషను."

"నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా. కానీ ఎట్టా? ఈ మంగళవారం కాదు, పై మంగళవారం పెద్దకర్మ. ఆ పూట సాయంత్రానికి నీ ఇంట్లో ఉంటది. నాది పూచీ. అందాకా ఓపిక పట్టు."

"ఓపిక నాకుంది మాస్టారూ. ఊపిరి మా అమ్మకి లేదు."

"హర్షని నేనెట్టా అడిగేదమ్మా" అన్నాడు ఆయన. నిజంగానే బాధపడ్డాడు. అడగలేదు.

బుధవారం పొద్దున సిలిండరు ముల్లు ఎరుపులోకి వచ్చింది. షాపువాడు రేపు బండి వస్తుందన్నాడు. నిన్న కూడా అదే అన్నాడు. వందన పక్కింటి కాంతమ్మను పిలిచింది.

"పిన్నీ, కాస్త అమ్మ దగ్గర కూచో."

"యాడికే?"

"మిషను తెస్తా."

"ఎవరింటి నుంచి?"

వందన చెప్పులేసుకుంది. కాంతమ్మ వెళ్ళి మంచం పక్కన కూచుంది.

రిజ్వాన్ ఆటో తెచ్చాడు. అతనూ క్లబ్బు సభ్యుడే. మీటింగులో బండి నడుపుతూనే కూచుంటాడు. అతని గడిలో ఎప్పుడూ ఆటో పైకప్పే కనిపిస్తుంది.

"నేను లోపలికి రానక్కా. వాకిట్లో ఉంటా. నన్ను చూస్తే ఇంకో పంచాయితీ."

"నువ్వు రాకపోతే దాన్నెవరు ఎత్తుతారు?"

"నువ్వు ముందు తిట్లు తిను. తర్వాత వచ్చి ఎత్తుతా."

ఆటో చిలకలూరిపేట దాటి ఎడ్లపాడు దారి పట్టింది.

ఆ ఇంటి ముందు షామియానా ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురైదుగురు మగవాళ్ళు. హర్ష అస్థికలు తీసుకుని కృష్ణకు వెళ్ళాడు. పోయినాయన తమ్ముడు కోటయ్య లేచి నిలబడ్డాడు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?"

"ఆసరా క్లబ్బు అండీ. మిషను కోసం వచ్చాను."

"ఏందీ?"

"ఆక్సిజన్ మిషను."

కోటయ్య మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారా? మా అన్న బూడిద ఇంకా చల్లారలా. సామాను పట్టుకుపోవటానికి వచ్చారు. సేవ అంటే ఇదేనేమో." మళ్ళీ ఆమె వైపు. "మంగళవారం రా. లేకపోతే రామాక. మేమే పడేసిపోతాం మీ వాకిట్లో."

వందన కదల్లేదు. లోపలి నుంచి ఒక శబ్దం వస్తోంది. ఉండుండి ఒక దమ్ము, మధ్యలో సన్నటి గురక. ఆమెకు ఆ శబ్దం తెలుసు. ఎన్ని ఇళ్ళలో ఆ మిషను పెట్టించిందో.

"లోపల ఇంకెవరికన్నా బాగోలేదా?" అని అడిగింది.

కోటయ్య మొహం తిప్పుకున్నాడు.

"రానియ్యి కోటయ్యా" అని లోపలి నుంచి ఒక ఆడగొంతు.

గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించారు. మంచం ఉన్నచోట నేల మీద బియ్యం పోసి దీపం పెట్టారు. సాంబ్రాణి పొగ. పక్కన మిషను నడుస్తోంది. గొట్టం చివర దీపానికి ఎడంగా, మడిచిన తువ్వాలు మీద పెట్టి ఉంది. దాన్నుంచి గాలి వస్తూనే ఉంది. పీల్చేవాళ్ళు లేరు.

గోడకు ఆనుకుని సుబ్బరత్నమ్మ కూచుని ఉంది. పోయినాయన భార్య.

"ఆపలేదా అమ్మా?" అంది వందన.

"ఎవరాపుతారు? మావాడు ఆపబోయాడు. చెయ్యి పట్టుకున్నా." ఆమె దీపం వైపు చూసింది. "పదకొండు రోజులూ దీపం కొండెక్కకూడదంటారు గదా. దీనికెవరూ ఏమీ చెప్పలా. పొద్దున్నే మిషను బుడ్డిలో నీళ్ళు కూడా మారుస్తున్నా."

వందన నేల మీద కూచుంది.

"మా అమ్మకు ఊపిరి ఆడట్లేదమ్మా."

సుబ్బరత్నమ్మ ఆమెను మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఎంత వయసు?"

"మీ అంతే."

"నువ్వు వచ్చేటప్పుడు మాట్లాడిందా?"

"మాట్లాడలేకపోతోంది."

సుబ్బరత్నమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

"నేను చూడను. నువ్వే ఆపుకో."

వందన స్విచ్చు మీద వేలు పెట్టింది. మిషను ఒక పొడుగాటి నిట్టూర్పు విడిచి ఆగింది. వెంటనే సుబ్బరత్నమ్మ ఏడుపు మొదలైంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమె ఏడవలేదని వందనకు తర్వాత తెలిసింది. కోటయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అడ్డు రాలేదు. రిజ్వాన్ వచ్చి మిషను ఎత్తాడు.

ఇంటికొచ్చేసరికి కాంతమ్మ విసనకర్రతో విసురుతోంది. కోటమ్మ పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మిషను పెట్టారు. పసుపు దీపం వెలిగింది, గాలి సరిగా లేదని. వందన వెనక జాలీ ఊడదీసింది. సాంబ్రాణి మసి పట్టి నల్లగా ఉంది. కుళాయి కింద కడిగి, చీర చెంగుతో అద్ది, తడిగానే బిగించింది. ఈసారి పచ్చ దీపం వచ్చింది. కోటమ్మ వేలికున్న చిన్న ఆక్సిజన్ మీటరులో అంకె మెల్లగా పైకి కదిలింది.

సాయంత్రానికి కోటమ్మకు మాట వచ్చింది.

"ఎక్కడిదే ఇది?"

"క్లబ్బుదే. మాచర్లలో బాగు చేయించారు."

"సాంబ్రాణి వాసనేస్తోంది."

"షాపులో పూజ చేశారేమో."

కోటమ్మ కళ్ళు మూసుకుంది.

మళ్ళీ ఆదివారం. ఇంట్లో ఉన్నది ఒకటే గది, మధ్యలో తెరగుడ్డ. వందన లింకు పంపింది. గళ్ళు నిండాయి. హర్ష గుండుతో వచ్చాడు. ఎవరూ పలకరించకముందే మాట్లాడాడు.

"వందన గారూ. నేను లేనప్పుడు మా ఇంటికొచ్చారు. మా బాబాయి వద్దంటున్నా మిషను పట్టుకుపోయారు."

"హర్ష గారూ, అమ్మగారే..."

"మా అమ్మకి తెలివి ఉందా ఇప్పుడు? ఆ రోజు నుంచి నిద్రపోవట్లేదు. ఆ గదిలో చప్పుడు లేదని లేచి కూచుంటోంది. నాన్న ఇప్పుడే పోయినట్టుంది ఆమెకు. మంగళవారం దాకా తెచ్చి పెట్టండి. మీ అమ్మగారికి సిలిండరు నేను చూస్తా. బుధవారం మిషను నేనే మోసుకొచ్చి ఇస్తా."

అతను అబద్ధమాడటం లేదు. కానీ సిలిండరు వస్తుందా రాదా అన్నది అతని చేతిలో లేదు.

"చావింటికి వెళ్ళి ఎట్టా అడిగావమ్మా?" అంది గురజాల నుంచి ఒకావిడ. గారు లేదు.

"గాలి బతికున్నోళ్ళకా, పోయినోళ్ళకా?" ఆటో పైకప్పు కిందనుంచి రిజ్వాన్ అరిచాడు.

"రిజ్వాన్, ఆగు" అన్నాడు బ్రహ్మానందం. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది మనం పెట్టుకున్న రూలు. నేను ఒక్కణ్ణీ తేల్చలేను. రూలుకు కట్టుబడదాం అనేవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక గడిలో పసుపుపచ్చ చెయ్యి వచ్చింది. తర్వాత ఇంకొకటి. వందనది, హర్షది తప్ప మైకులన్నీ మూసుకున్నాయి. చేతులు మాత్రం లేస్తున్నాయి. కింద మూలన మీటింగు ముగించే ఎర్ర గుర్తు ఉంది. అది నొక్కితే అందరూ పోతారు. వందన బొటనవేలు దాని దగ్గరే ఉంది.

తెరగుడ్డ అవతల మిషను చప్పుడు మారింది. గొట్టంలోంచి గాలి బయటికే పోతున్న చప్పుడు. వందన ఫోనుతోనే లేచి వెళ్ళింది. కోటమ్మ గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"చావింటిదా ఇది?"

"అమ్మా, పెట్టుకో."

"నాతో అబద్ధమా... ఒక ఆడది నిద్రపోవట్లేదంటగా."

"పెట్టుకో అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇచ్చెయ్యి." ఆ ఒక్క మాటకే రొప్పు వచ్చింది. మీటరులో అంకె దిగుతోంది. వందన గొట్టం ఆమె ముక్కు దగ్గరికి తెచ్చింది. కోటమ్మ చేత్తో నెట్టేసింది. ఆ చేతిలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఫోను మంచం మీద పడి ఉంది. అందులోంచి ఒక గొంతు.

"ఏందిరా అది? మన మిషను చప్పుడులాగా ఉంది. ఏదీ, ఇటివ్వు."

హర్ష గడిలోకి సుబ్బరత్నమ్మ వచ్చింది. ఫోను మరీ దగ్గరగా పట్టుకుంది. నుదురు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఆడుతోందా అమ్మాయ్? ఒకసారి చూపించు."

వందన ఫోను తిప్పింది. అందరి తెరల మీదా ఆ మంచం వచ్చింది, ఉతకని దుప్పటి, గోడకు కారిన నీటి చార, ఒళ్ళో గొట్టం పెట్టుకుని రొప్పుతున్న కోటమ్మ.

"పెట్టుకోలేదేం?" అంది సుబ్బరత్నమ్మ.

కోటమ్మ తెరలోకి చూసింది. ఎవరో ఆమెకు అర్థమైంది.

"ఏమ్మా... అన్నం తింటున్నావా?"

"ఏం తింటంలే వదినా. నువ్వు ముందు పెట్టుకో."

"మీ ఆయనది గదా..."

"ఆయనదేంది. ఆయనకిక వద్దంట. పెట్టుకో, నే చూస్తా."

కోటమ్మ గొట్టం ముక్కుకు పెట్టుకుంది. చెవుల వెనక వందన సర్దింది. మీటరులో అంకె దిగటం ఆగింది. పైకి మాత్రం కదల్లేదు. తెర మీద పసుపుపచ్చ చేతులు అట్లాగే ఉన్నాయి. ఎవరూ దించలేదు.

"అమ్మా, ఇక ఫోనివ్వు" అన్నాడు హర్ష పక్కనుంచి.

"ఉండరా" అంది ఆమె.