రాహేలమ్మ గేదెకి నేను పట్టించిన పిచ్చి

ఒక్క మనిషి నోటిమాటకి పల్లె మొత్తం ట్రాక్టరెక్కి ఆసుపత్రికి పరుగెత్తడం, నిక్షేపంలా ఊపిరి పీలుస్తున్న గేదె కోసం నలుగురు మనుషులు గొయ్యి తవ్వడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆ నోరు నాదే. ఇన్నేళ్ళకి ధైర్యం చేసి చెబుతున్నాను, నవ్వుకోండి. కానీ ఆ రోజు అక్కడ ఎవరూ నవ్వలేదు.

ఎనభైల్లో సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలిలో పెరిగి, జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, పశువులకి జబ్బులు అంటించే ఈగల మీద, పిడుదుల మీద జరుగుతున్న ఒక పరిశోధనలో సహాయకుడిగా చేరాను. మా గైడు సారు బాపట్లలో ఉండేవారు. ఆయన నా చేతికి ఒక వల, రెండు డజన్ల గాజు గొట్టాలు, ఒక మైక్రోస్కోపు ఇచ్చి, వానాకాలం అయ్యేదాకా జోరీగలు పట్టమని చెరుకుపల్లి పంపించారు. జోరీగ తెలుసుగా? మామూలు ఈగకి పెదనాన్నలా ఉంటుంది. పశువు తోలు కోసి రక్తం తాగుతుంది. గంటకి ఎన్ని వాలాయి, కాళ్ళ మీద ఎన్ని, పొట్ట కింద ఎన్ని అని రాసుకోవడం నా ఉద్యోగం.

చెరుకుపల్లిలో గది తీసుకున్నాను. రోజూ పొద్దున్నే సైకిలు మీద పక్క పల్లెకి వెళ్ళేవాణ్ణి. అక్కడ రాహేలమ్మ అని ఒకావిడ ఉండేది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక నాట్లకీ కోతలకీ వెళుతూ, ఒక గేదె పాలు పోసుకుంటూ, కూతుర్ని తెనాలి హాస్టల్లో పెట్టి చదివించుకుంటోంది. గేదె పేరు రాణి. ఆ చుట్టుపక్కల జోరీగలన్నిటికీ రాణి అంటే మహా ఇష్టం. అందుకని నాకూ ఇష్టమే.

మొదటి రోజు నేను రాణి పొట్ట కింద దూరి వల ఊపుతుంటే రాహేలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చాలాసేపు చూసింది.

"ఈగలు పట్టినందుకు గవర్నమెంటు జీతం ఇచ్చిద్దా బాబూ?"

"ఇస్తుంది పెద్దమ్మా."

"మరి దోమలు పట్టేవాళ్ళకి?"

"వాళ్ళది వేరే డిపార్టుమెంటు."

ఆవిడ నా తల్లిదండ్రుల మీద జాలిపడినట్టు మొహం పెట్టింది.

మూడో రోజు ఆవిడే మళ్ళీ అడిగింది. "బాబూ, పశువుల సంగతి తెలిసినోడివి గదా. రాణి మేత సరిగా ముట్టటంలా. కళ్ళంట నీళ్ళు కారతన్నయ్యి. ఒళ్ళు కూడా వెచ్చగా ఉంది. ఒక్కసారి చూడు."

నేనన్న మాట ఇప్పటికీ నాకు గుర్తే. "నేను ఈగల్ని చూసేవాణ్ణి పెద్దమ్మా, గేదెల్ని కాదు. కాస్త కదలకుండా పట్టుకో. పొట్ట కింద మంచివి రెండున్నాయి."

ఆవిడ పట్టుకుంది. నేను ఆ రెండూ పట్టుకుని, గొట్టాల మీద చీటీలంటించి, ఈల వేసుకుంటూ గదికి పోయాను.

నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి రాణి కట్టుగుంజ చుట్టూ గానుగెద్దులా తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆగి, గుంజకి నుదురు ఆనించి తోస్తోంది. నోటి వెంట చొంగ. కళ్ళు నావైపే ఉన్నాయి గాని నన్ను చూస్తున్నట్టు లేవు. నేను అలవాటు ప్రకారం వల పట్టుకుని దగ్గరికెళ్ళాను. అది ఒక్క విదిలింపుతో పలుపు తెంపుకుని నా మీదికొచ్చింది. నేను గడ్డివాము ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఎక్కాక చూసుకుంటే చేతినిండా చొంగ, మోచేతి మీద గీరుకున్న గాయం. గేదె మాత్రం నేనున్న చోటు దాటి నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకుని నిలబడింది.

వాము మీంచి నేను ఊరందరికీ వినపడేలా అరిచాను: "పిచ్చి! గేదెకి పిచ్చి పట్టింది! పిచ్చికుక్క కరిచుంటుంది! ఎవరూ దగ్గరికి రాకండి!"

పిచ్చి అనే మాట అరవడానికి అర క్షణం చాలు. దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో తరువాత తెలిసింది.

పది నిమిషాల్లో పల్లెంతా చేరింది. పలుపులు విసిరి రాణిని రెండు గుంజలకి బిగించి కట్టారు. చర్చి సంఘపెద్ద యాకోబుగారు వచ్చి వాము కింద నిలబడి తల పైకెత్తారు.

"సార్, మీరు చదువుకున్నోరు. నిజమేనంటారా?"

"నూటికి నూరుపాళ్ళండి. చొంగ, తిరగడం, మీద పడటం. పుస్తకాల్లో ఎలా ఉందో అలాగే ఉంది."

"మరి పాలు తాగినోళ్ళ సంగతేంటండి?"

"ఎవరు తాగారు?"

యాకోబుగారు చుట్టూ చూశారు. ముందు రోజు సాయంత్రం ఆయనింట్లో ప్రార్థన కూటం జరిగింది. కూటం అయ్యాక అందరికీ టీ ఇచ్చారు. ఆ పాలు రాణివి. ఒక్కొక్కరూ పక్కవాళ్ళ మొహం చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ చంటిపిల్లని గట్టిగా గుండెకి హత్తుకుంది.

"అందరూ రేపల్లె ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అన్నాను. అలా అంటున్నప్పుడు నా గొంతులో, చెప్పడానికి సిగ్గేస్తోంది, కాస్త గొప్ప కూడా పలికింది. నా చదువు అక్కరకొచ్చిన మొదటి రోజు అదేనని నేననుకున్నాను.

ట్రాక్టరు తెచ్చారు. ట్రక్కులో పిల్లలు, ముసలివాళ్ళు, నిన్న టీ పోసినవాళ్ళు, తాగినవాళ్ళు, గ్లాసులు కడిగినవాళ్ళు. దారిపొడవునా కొందరు పాటలు పాడారు, కొందరు ఏడ్చారు. ప్రకాశం అనే అతను మాత్రం ఊరి మొగదాకా మా వెంట నడిచొచ్చి సాగనంపాడు. అతనెప్పుడూ కూటానికి రాడట. అందుకు ఏళ్ళ తరబడి చీవాట్లు తిన్న మనిషి ఆ పూట ఎంత ప్రశాంతంగా కనిపించాడో!

ఆసుపత్రిలో డాక్టరు గారు మమ్మల్నందర్నీ వరండాలో కూర్చోబెట్టి, కథంతా విని, అడిగారు.

"పాలు కాచారా?"

"టీ పెట్టామండి" అన్నారు యాకోబుగారు.

"మరిగిన పాలతో ఏమీ రాదు. ఇంటికెళ్ళండి. ఇంతకీ చొంగ ఎవరికైనా తగిలిందా?"

ట్రక్కెడు మనుషులూ ఒక్కసారి నావైపు చెయ్యి చూపించారు.

"గేదెని పశువుల డాక్టరు చూశాడా?" నా మోచెయ్యి తిప్పి చూస్తూ అడిగారు ఆయన.

"సెలవులో ఉన్నారండి. నేను చూశాను."

"మీరూ పశువుల డాక్టరేనా?"

"కాదండి. ఈగలు."

"ఈగలేంటి?"

"ఈగలు పడతానండి. పరిశోధన."

ఆయన కాసేపు నన్ను నిదానంగా చూసి, నర్సుని పిలిచి, చొక్కా పైకెత్తమన్నారు. మొదటి సూది పడింది. పొట్ట మీద ఇంజెక్షను ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. తెలిసినవాళ్ళకి వర్ణించడం అనవసరం.

మేము తిరిగొచ్చేసరికి పల్లె చివర గొయ్యి సగం తవ్వేశారు. పిచ్చిగేదెని ఊళ్ళో ఉంచడం ప్రమాదమని పెద్దలు తేల్చారు. నా మాట మీదే తేల్చారు. రాహేలమ్మ మా ట్రాక్టరెక్కలేదు. ఆవిడ రాణి ముందు నేల మీద కూర్చుని ఉంది. ఏడవటం లేదు, ఎవర్నీ తిట్టటం లేదు. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"బాబూ, నీ మాట తప్పయ్యే దారి ఏమన్నా ఉందా?"

అప్పటిదాకా నేను కంగారుపడ్డాను, భయపడ్డాను, గొప్పలు కూడా పోయాను. అప్పుడు మాత్రం ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

ఆవిడ తన దారి తను ముందే చూసుకుంది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు బసవయ్యగారికి కబురు పంపింది. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. మేము మాట్లాడుతుండగానే సైకిలు దిగి వచ్చారు. చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని, రాణి కళ్ళ రెప్పలు విప్పి చూశారు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. జ్వరం చూశారు. తరువాత కుడితి బకెట్టు తెమ్మని దాని మూతి ముందు పెట్టించారు. రాణి మూతి ముంచి గటగటా తాగింది.

"పిచ్చి లేచిన గొడ్డుకి గొంతు పడిపోయిద్దండి. ఇది శుభ్రంగా గుటకేస్తంది" అన్నారాయన. నావైపు తిరిగి, "మీ దగ్గర మైక్రోస్కోపు ఉందంట గదండి?" అని అడిగారు.

"ఉందండి. ఈగల కాళ్ళు చూడ్డానికి."

"ఇవాళ్టికి ఇంకోటి చూద్దాం."

చెవి చివర సూదితో గుచ్చి ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద తీశారు. గొయ్యి తవ్వేవాళ్ళని కాసేపు ఆగమని చెప్పి, ఇద్దరం నా గదికి వెళ్ళాం. ఆయన ఒక నిమిషం చూసి, పక్కకి జరిగారు. నేను కన్ను పెట్టాను.

ఎర్రకణాల మధ్య సన్నటి పాముల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. కణాల్ని అటూ ఇటూ తోసుకుంటూ, జాతరలో జనాన్ని తోసుకుపోయేవాళ్ళలా ఈదుతున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. వాటి బొమ్మలు నేను పరీక్షలో వేసి మార్కులు తెచ్చుకున్నాను. బతికున్నవాటిని చూడటం అదే మొదటిసారి.

"ఏంటండి?" అన్నారు బసవయ్యగారు. ఆయనకి తెలుసు. నా నోటితో చెప్పించాలని అడిగారు.

"సర్రా."

"ఎట్టా వచ్చిద్దండి అది?"

బల్ల మీద చీటీలంటించిన నా గొట్టాలవైపు చూశాను. "జోరీగలు అంటిస్తాయండి."

పశువుల రక్తంలో పెరిగే ఆ పురుగు జబ్బే సర్రా. నేను ఆ ఊరొచ్చిందే దాని కోసం. ఒక పశువు మీద సగం తాగిన ఈగని తోలితే అది ఇంకో పశువు మీద వాలి, మూతికంటిన రక్తంతో జబ్బు అంటిస్తుంది. మా ప్రాజెక్టు కాగితాల్లో మొట్టమొదటి వాక్యం అదే. ఆ పురుగు మెదడుదాకా వెళితే పశువు గుండ్రంగా తిరుగుతుందని, పిచ్చి అనుకుని పొరపడతారని కూడా రాసుంది. అలా పొరపడేవాళ్ళు చదువురాని రైతులని రాసింది మాత్రం ఎవరో ఏమో, నాకు తెలియదు.

బసవయ్యగారు ఆసుపత్రిలో ఆ మందు అయిపోయిందన్నారు. నేను బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. గైడు సారు అంతా విన్నారు. బీరువా తాళం తీస్తూ నెమ్మదిగా అడిగారు.

"మనం పరిశోధన చేస్తున్నది ఏ జబ్బు మీదో నీకెవరైనా చెప్పారా?"

"చెప్పారండి."

"ఎవరు?"

"మీరేనండి."

"అయితే తప్పు నాది కాదన్నమాట" అని మందుసీసా నా చేతిలో పెట్టారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనుంటే బాగుండేది.

ఎండ ఉండగానే తిరిగొచ్చాను. బసవయ్యగారు ఇంజెక్షను చేశారు. నేను అందరి ముందూ నిలబడి, అది పిచ్చి కాదని, నా తప్పని చెప్పాను. రాహేలమ్మ అడిగింది.

"ఆ జబ్బు తెచ్చేది నువ్వు పట్టుకుంటన్న ఈగలేనా బాబూ?"

"అవును పెద్దమ్మా."

"అన్నీ పట్టుకున్నావుగా. ఇంకెట్టా వచ్చింది?"

నిజంగా తెలియకే అడిగింది. తెలిసి అడిగినా అంత గట్టిగా తగిలేది కాదు.

ఆ తరువాత రాణి కూలబడి రెండు రోజులు లేవలేదు. నేను వల ముట్టుకోలేదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా పాకలో కూర్చుని వేపాకు పొగ వేస్తూ, ఆవిడతో కలిసి కుడితి పట్టించాను. మధ్యలో రేపల్లె వెళ్ళి సూది పొడిపించుకుని వచ్చేవాణ్ణి. ఎందుకంటారా? డాక్టరు గారికి చెప్పి చూశాను. "అది పిచ్చి కాదండి, సర్రా" అన్నాను.

"నిన్న పిచ్చన్నారు. ఇవాళ ఇంకేదో అంటున్నారు. రేపేమంటారో నాకేం తెలుసు? పశువు బతికి బాగుపడిందని యజమాని వచ్చి చెప్పాలి. అందాకా చొక్కా ఎత్తండి."

మూడో రోజు పొద్దున రాణి ముందుకాళ్ళు కూడదీసుకుని లేచింది. వణుకుతూనే నిలబడి, పచ్చగడ్డి పరక ఒకటి లాక్కుని నమలడం మొదలుపెట్టింది. రాహేలమ్మ దాని మెడ మీద తల పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేను బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

నాకు అయిదో సూది పడే రోజున ఆవిడ తనంతట తనే నాతోపాటు బస్సెక్కి రేపల్లె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని డాక్టరు గారి బల్ల ముందు నిలబడింది.

"ఆ గేదె నాదేనండి. మేత మేస్తంది, నీళ్ళు తాగతంది. దానికి పిచ్చీ లేదు గిచ్చీ లేదండి. ఈ అబ్బాయిని వదిలెయ్యండి."

డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. "గేదెకి లేదు, ఒప్పుకున్నాను. మరి ఈయనకి లేదని మీకు నమ్మకమేనా?"

రాహేలమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. నావైపు తిరిగి తలనించి కాళ్ళదాకా ఒకసారి చూసింది. బాగా ఆలోచించింది.

"ఈ నాలుగు రోజుల్లో కాస్త తగ్గిందండి" అంది.

కాబట్టి పాఠకులారా, ఇంకా సూదిపోట్లు మానని బొడ్డు మీద చెయ్యి వేసుకుని ఆనాడే ప్రమాణం చేశాను. గేదె కానివ్వండి, మనిషి కానివ్వండి, ఒక చుక్క రక్తం చూడకుండా ఎవరికీ పిచ్చి అంటగట్టను. తప్పక అంటగట్టాల్సి వస్తే, ముందు గడ్డివాము దిగుతాను.