చాట మీది గుర్తు

కంఠేశ్వర్‌లో బండ్లకు నంబరు పలకలు రాసే భూమేష్, ఏ వస్తువు చేతికొచ్చినా ముందు అరచేత్తో నిమిరి, రంగు ఎక్కడ నిలుస్తుందో చూస్తాడు. జిల్లాలోని పాత మాటలను పోగుచేసే స్వచ్ఛంద బృందంలో బహుమతుల పని అందుకే అతని నెత్తిన పడింది. పోయినేడు పాత మాటల పోటీలో గెలిచిన ఆడవాళ్లకు బృందం గుర్తు వేసిన టీషర్టులు ఇస్తే, అవి కొడుకుల ఒంటి మీదికి చేరాయి. ఈసారి బీడీలు చుట్టేవాళ్లకు పోటీ పెట్టి, గెలిచిన పదిమందికి, ఆకూ పొగాకూ పోసుకుని ఒళ్లో పెట్టుకునే బీడీ చాటలు ఇద్దామని హైదరాబాదులోని బృందం పెద్ద ఆఫీసుకు రాశాడు. "అవి ప్రచారానికిచ్చే పైసలు. గుర్తు నలుగురికీ కనబడే ఫొటో పంపండి, లేదంటే టీషర్టులే" అని జవాబొచ్చింది. భూమేష్ ముందుగా ఒక్క చాట కొని, పొగాకు రాపిడికి చెరగకూడదని గుర్తును అడుగున బయటివైపు వేశాడు. మొదటి బహుమతిగా దాన్ని అందుకున్న సాయవ్వ తిప్పి చూసి పకపకా నవ్వింది.

"గిదేం తెలివి బిడ్డా? చాట నా ఒళ్లె ఉంటది. నీ బొమ్మ నా మోకాళ్లకు సూపెట్టాల్నా?"

భూమేష్ ముఖం చిన్నబోయింది. తక్కిన తొమ్మిదిమందికి మళ్లీ టీషర్టులే అనుకున్నాడు. సాయవ్వ బయటికొచ్చి, ఎండ చూసి, చాటను నెత్తిన బోర్లించుకుని నడిచింది. దారిలో ఆటోవాళ్లు తల తిప్పి చూశారు. "గదేం బొమ్మవ్వా?" అని ఒకడు అడిగాడు. భూమేష్ ఫోను పట్టుకుని వెనకాలే ఉరికాడు.

"అవ్వా, జర నిలవడు!"

"నిలవడితే ఎవలు సూస్తరు? నడుస్తుంటెనే తియ్యి."