ఆగే బత్తీ

బస్సు కండక్టరు "ఆగే బఢో" అని అరిస్తే నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతాను. హిందీలో అది ముందుకి జరగమనడమని నాకు తెలుసు, నా కాళ్లకే తెలీదు.

సునామీ తర్వాత, కూలిన ఇళ్లు కట్టే పనికని నాన్న శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి, కొన్నాళ్లకి మమ్మల్నీ తెచ్చుకున్నాడు. ఆయన పని నుంచి ఇంటికొచ్చే దారిలో, సిప్పీఘాట్ దగ్గర, పోటు వస్తే సముద్రం రోడ్డెక్కేది. ఒకసారి చీకట్లో కనపడక సైకిలుతో సహా ఉప్పునీళ్లలో పడ్డాడు.

"లైటెట్టించకపోతే పనికెల్లొద్దు" అంది అమ్మ.

హ్యాండిల్‌కి కడితే ముందు క్యారియర్ మీది సంచి వెలుగుకి అడ్డొస్తుందని, సైకిల్ షాపు భయ్యా దీపాన్ని క్యారియర్ అంచుకే ట్యూబు ముక్క చుట్టి బిగించి, డైనమోని చక్రానికి ఆనించాడు. "పక్కా ఆగే బత్తీ, భాయ్!" అన్నాడు.

బత్తీ అంటే దీపమని అప్పటికే నేర్చుకున్నాను. ఆగే మాత్రం మన తెలుగు మాటే అనుకున్నాను.

"నాన్నా, ఆగే బత్తి మనకొద్దు! ఆగనిది ఇమ్మను!"

నాన్న పడీ పడీ నవ్వాడు. "ఆగే అంటే ముందుదని, పిచ్చిమొకమా!"

ఆ సాయంత్రం నన్ను వెనక ఎక్కించుకుని తొక్కాడు. వెలుగు రోడ్డంతా పరుచుకుంది. సిప్పీఘాట్‌లో నీళ్లు తళుక్కుమనగానే బ్రేకు వేశాడు. సైకిలు ఆగింది. చక్రంతో తిరిగే డైనమో ఆగింది. బత్తీ ఆగింది.

ఆ చీకట్లో నాన్న ఒక కాలు దించి, నీళ్ల అంచు ఎక్కడుందో తడుముకున్నాడు.

"భయ్యా ముందే చెప్పాడుగా నాన్నా" అన్నాను.