రాళ్లు నాకే మేడమ్

ఆదోని కాలేజీలో మాకు భూగర్భశాస్త్రం చెప్పిన మేడమ్ ఏ రాయి దొరికినా ముందు నాకి చూసేవారు. తడిస్తే అందులోని గీతలు తేలతాయి. ఉల్క పడిన చోటు కనిపెట్టాలని ఆమెకు ఏళ్లనాటి కోరిక.

కోసిగి దగ్గర ఒక రైతు గుండ్రటి పల్లం చూపించి, "ఈడే సుక్క పడిందని మా తాత సెప్పినాడు మేడమ్," అన్నాడు.

"కోట్ల ఏండ్ల కింద పడింటే ఆ గుంత ఎప్పుడో అరిగిపోయి ఉంటాదప్పా, ఈ పల్లాన్ని నమ్మలేం. దెబ్బ గుర్తు రాయిలోనే మిగుల్తాది. ఒక మొన నుంచి చీపురు పుల్లల మాదిరి గీతలు విచ్చుకోవల్ల," అన్నారామె.

పొద్దు వాలేదాకా నాకారు. నాలుక గీరుకుపోయింది గానీ ఆ గీతలు దొరకలేదు.

మాతో వచ్చిన విలేకరి, "ఉన్నాయని రాసేద్దాం మేడమ్. ఎవురొచ్చి సూస్తారు?" అన్నాడు.

ఆమె చేతిలోని రాయిని తీసిన చోటే పెట్టారు.

"నా ఎనకాల ఇంగొకరు వచ్చి ఇదే రాయి నాకుతారప్పా."