కాన్పుగదిలోకి అత్తగారు

కాన్పుల వార్డులో పెద్ద సిస్టర్‌ని అందరూ నెమ్మదమ్మ అంటారు. నొప్పులు పడుతున్న మనిషి దగ్గర ఎవరు గొంతు పెంచినా "నెమ్మది" అంటుంది, అందుకని. ఇంట్లో మాత్రం ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందని వాళ్లాయన నవ్వుతాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ తొలికాన్పు ఈ వార్డులోనే అయింది. తెలిసిన చోటే కదా అని ధీమాగా వచ్చింది. నొప్పికి అరిస్తే తోటి నర్సే కసిరింది. ఏం చేస్తున్నారో చెప్పకుండానే అంతా చేసేశారు. లోపలికి రానివ్వమని వాళ్లమ్మ తలుపవతల బతిమాలుతూనే ఉంది. బిడ్డ చక్కగా పుట్టాడు, అదృష్టవంతురాలివన్నారందరూ. నిజమే అనుకుంది గానీ, ఆ కసుర్లు మనసులో గుచ్చుకుని ఉండిపోయాయి.

పెద్ద సిస్టర్ అయ్యాక ముందు మంచాల మధ్య తెరలు కట్టించింది. ఒంటిమీద చెయ్యి వేసేముందు చెప్పి, అడిగి వెయ్యాలంది. ఆ తర్వాత కాన్పుగదిలోకి తోడు మనిషిని రానిద్దామని పెద్ద డాక్టరమ్మను అడిగింది. జనం పోగైతే పని సాగదని డాక్టరమ్మ భయం. ఒక్కరే, అదీ కాన్పుకొచ్చిన పిల్ల కోరుకున్న మనిషే అని సిస్టర్ పట్టు వదల్లేదు. సరే, కొన్నాళ్లు చూద్దామంది డాక్టరమ్మ.

ముందుగా వచ్చింది బట్టల కొట్టులో పనిచేసే పిల్ల. తల్లి లేదు. బయట మొగుడు, అక్క, అత్తగారు ఉన్నారు. మూతి బిగించుకుని కూర్చున్న ఆ అత్తగారిని చూసి నర్సులే జంకారు. తోడు ఎవరు కావాలమ్మా అంటే, అత్తయ్య అంది పిల్ల. సరిగ్గా విన్నానో లేదోనని సిస్టర్ మళ్లీ అడిగింది.

"అత్తయ్యే. ఆవిడుంటే నాకు భయం వెయ్యదు."

పిలిస్తే అత్తగారే నమ్మలేదు. చేతులు కడుక్కుని బెరుగ్గా లోపలికొచ్చి, కోడలి నడుము రాస్తూ మధ్యమధ్యలో మంచినీళ్లు తాగించింది. ఒక నొప్పికి పిల్ల గట్టిగా అరిచేసి, తప్పయిపోయింది సిస్టర్ అంది.

"అరుచుకో తల్లీ, నొప్పి నీది. నిన్నెవరూ ఏమీ అనరు."

ఆ మాటకు అత్తగారి చెయ్యి ఆగిపోయింది. తన కాన్పులో అరిచినందుకు తొడమీద కొట్టారట. ఇన్నేళ్లలో మొగుడికి కూడా చెప్పుకోలేదట. చెప్పేసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నడుము రాయసాగింది.

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. సిస్టర్ బిడ్డను తుడిచి తల్లి గుండెలమీద పడుకోబెట్టింది. అత్తగారు కొడుక్కి కబురు చెప్పి ఊరుకోలేదు. బెంచీల మీదున్న ఆడవాళ్లందరికీ లోపలి సంగతులు చెబుతూ కూర్చుంది. మర్నాటి నుంచి తోడు మనిషి కావాలని వాళ్లే అడిగారు. డాక్టరమ్మ ఇక కాదనలేదు.

తర్వాత అమ్మలొచ్చారు, వదినలొచ్చారు, మొగుళ్లూ వచ్చారు. ఒకాయన కళ్లు తిరిగి పడిపోతే పక్క మంచం మీద పడుకోబెట్టి, భార్యకు కాన్పు చేశారు. లేస్తూనే మా ఆవిడెలా ఉందని అడిగాడు. తెర పక్కకు జరిపి చూపించారు. బిడ్డను పొదువుకుని, ఆయన్ని చూసి నవ్వుతోంది.