చెడిపోయిన తువ్వాల

సిరిసిల్ల నుంచి వేములవాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన భుజం మీద కొత్త తువ్వాల ఉంది. అంచు వంకర, నడుమ పోగులు తెగి జల్లెడలా ఉంది. నా చూపు గమనించి నవ్వాడు.

"నేనే చెడగొట్టిన సారూ. మా నేతసంఘానికి కొత్త సాంచలు, గదే కరెంటు మగ్గాలు, వచ్చినయ్. తప్పువోతే నలుగురు నవ్వుతరని ఎవ్వలు ముట్టలే. సంఘం పెద్దను గదా, అందర్ని పిలిచి ముందుగాల నేనే నడిపిన. గిట్లొచ్చింది. మస్తు నవ్విండ్రు. తెల్లారి ఫికర్ లేకుంట వాళ్లే వచ్చి నేర్చుకున్నరు."

"మరి ఇంకా ఎందుకు వేసుకుంటున్నారు?"

"ఇంకిద్దరు రాలే సారూ."

హెడ్మాస్టర్‌నైన నేను, మా బడికొచ్చిన డిజిటల్ బోర్డును అప్పటిదాకా తలుపు మూసుకుని నేర్చుకుంటున్నాను. సోమవారం టీచర్లందరినీ పిలిచి, వాళ్ల ముందే ఆన్ చేయబోయాను. ఎంతకూ వెలగలేదు. అందరూ నవ్వారు.