ఇంగ్లీషులో తప్పిన పంతులు

గద్వాలలో మగ్గాలవాళ్ల వీధిలో పొద్దుపొడవకముందే పడుగులు పరిచేవారు. ఈ కొస నుంచి ఆ కొసదాకా నూలు దారాలు సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. ఎండ ముదిరితే దారం పెళుసవుతుంది కనుక ఆ పని తెల్లవారగానే అయిపోవాలి. సరిగ్గా అదే వేళకు పిల్లలు లేచి వీధిలో పడేవారు. పడుగు కింద దూరేవారు, దారాలు తెంపేవారు. తెగినవి అతుక్కునేసరికి పెద్దవాళ్లకు సగం పొద్దు పోయేది.

1934 ఎండాకాలంలో ఒకరోజు నలుగురు పిల్లలు మేకపిల్లను తరుముతూ వచ్చి కులపెద్ద బాలకిష్టయ్య పడుగు మీద పడ్డారు. ఆయన కొట్టడానికి చెయ్యెత్తి, దించి, అరుగు మీద కూర్చున్న ధర్మయ్యను పిలిచాడు.

"ధర్మయ్యా, నువ్వు ఏడు జమాతులు చదివినవు గద. పడుగు లేపేదాక ఈ కోతులను మీ కొట్టంల కూసోబెట్టు."

"కూసోబెట్టి ఏం చెప్పాలె మామా?"

"నాకేం తెల్వదు. నువ్వు చదివిందే చెప్పు. కదలకుంట ఉంటే చాలు."

ధర్మయ్యకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, చదివింది ఏడో తరగతి. రెండేళ్ల కిందట కళ్లకు జబ్బు చేసింది. తగ్గింది గాని, అంచు నేసేటప్పుడు పట్టు దారమూ జరీ దారమూ విడివిడిగా కనిపించడం మానేశాయి. గద్వాల చీరకు అంచే ప్రాణం. అందుకని మగ్గం తమ్ముడికి అప్పజెప్పి, భార్య భీమమ్మతో పాటు కూర్చుని కండెలు చుట్టేవాడు. ఆ పని ఆడవాళ్లదని వీధిలో అనేవాళ్లు అన్నారు. ఆయన కండెలు చుడుతూనే ఉన్నాడు.

మొదటిరోజు పదకొండు మంది పిల్లలు వచ్చారు. ధర్మయ్య నేల మీద ఇసుక పోసి ఒకవైపు తెలుగు అక్షరాలు, ఇంకోవైపు నైజాం సర్కారు భాష ఉర్దూ అక్షరాలు రాసి దిద్దమన్నాడు. పడుగు లేపగానే పంపేశాడు. మర్నాడు పద్నాలుగు మంది వచ్చారు. వీధి చివర గిన్నెలకు కళాయి పెట్టే గౌస్ పాషా కొడుకు మహమూద్ కూడా వాళ్లలో ఉన్నాడు. వాడికి ఆరేళ్లు. ఆ వీధి పిల్లలతో ఆడుకునేవాడు, వాళ్ల వెంటే బడికీ వచ్చాడు.

ఊళ్లో సర్కారు బడి లేకపోలేదు. అది పగలు నడిచేది. పగలు ఈ పిల్లల చేతులు ఇంట్లో కావాలి. ధర్మయ్య బడి పొద్దెక్కేసరికి అయిపోయేది, మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఒక గంట ఉండేది. అందుకే నిలిచింది. జీతం ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చారు. లేనివాళ్లు జొన్నలు తెచ్చారు, కొట్టం కప్పడానికి గడ్డి తెచ్చారు. ఏమీ తేనివాళ్లను ఆయన అడగలేదు. ఐదేళ్లలో పిల్లలు అరవై దాటారు, పంతుళ్లూ ముగ్గురయ్యారు. మల్దకల్ నుంచి కూడా ఇద్దరు వచ్చి బంధువుల ఇళ్లలో ఉండి చదివారు.

ఆ రోజుల్లో సొంతంగా నడిపే బడిని ఖానిగీ బడి అనేవారు. దానికి విద్యాశాఖ ఇజాజత్, అంటే అనుమతి కావాలి. ధర్మయ్య అర్జీ మీద అర్జీ పెట్టి, 1939లో ఏడో జమాతు దాకా అనుమతి తెచ్చుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఎనిమిదో జమాతు కోసం మళ్లీ అర్జీ పెట్టాడు. అది వస్తే పదిదాకా పోయి పెద్ద బడి అవుతుందని ఆశ.

విద్యాశాఖ తనిఖీ అధికారి వచ్చి కొట్టంలో స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లల చేత ఉర్దూ చదివించాడు, లెక్కలు చేయించాడు. బాగున్నాయన్నాడు. చాయ్ తాగి, "హెడ్మాస్టర్ ఎవరు?" అని ఉర్దూలో అడిగాడు.

"నేనే సాబ్."

"మెట్రిక్ పాసయ్యారా?"

"లేదు సాబ్. ఏడు దాకా చదివిన."

అధికారి కాగితం మీద ఏదో రాసి లేచాడు. మెట్రిక్ పాసైనవాడు హెడ్మాస్టరుగా ఉంటేనే ఎనిమిదో జమాతు అని నెల తర్వాత జాబు వచ్చింది. మెట్రిక్ పాసైనవాడికి ఏ సర్కారు కచేరీలోనైనా నౌకరీ దొరికే కాలం. ఆ కొట్టంలో పనిచేయడానికి ఎవడు వస్తాడు?

జాబు భీమమ్మకు చదివి వినిపించాడు.

"అయితే ఆ పరీక్ష నువ్వే కట్టు," అందామె కండె తిప్పుతూనే.

"ముప్పై ఏడేండ్లకా?"

"కట్టొద్దని అందుల రాసి ఉందా?"

రాసి లేదు. ఎవరైనా ఇంట్లో చదివి పరీక్షకు కూర్చోవచ్చు. అప్పటికే ఏడు పూర్తిచేసి ఎటూ పోలేక ఉన్న మహమూద్, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ఆయనతో కలిశారు. ఉర్దూ, లెక్కలు, చరిత్ర ధర్మయ్య తాను ముందు చదువుకుని వాళ్లకు చెప్పాడు. ఇంగ్లీషు మాత్రం, రైల్వేలో పనిచేసి పింఛను తీసుకున్న జలాలుద్దీన్ సాబ్ దగ్గర నలుగురూ నేర్చుకున్నారు. మహమూద్‌కు మాట ఒక్కసారి వింటే పట్టుబడేది. ధర్మయ్యకు పుస్తకంలో అక్షరాలు చీమల్లా కదిలేవి. ఒకే మాటను నాలుగు రకాలుగా రాసేవాడు. నాలుగూ తప్పయ్యేవి. జలాలుద్దీన్ సాబ్ నవ్వేవాడు కాదు. అదే ధర్మయ్యకు ఎక్కువ సిగ్గనిపించేది.

1945లో నలుగురూ రైలెక్కి హైదరాబాదు పోయారు. పరీక్ష గది గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి ధర్మయ్య తలపాగా చూసి, పిల్లల్ని దింపిన తండ్రులు బయట ఉండాలన్నాడు.

"నేను గూడ రాసేటోడినే సాబ్," అని ధర్మయ్య పరీక్ష చీటీ చూపించాడు.

ఆయన చీటీ చూశాడు, మనిషిని చూశాడు, పక్కకు తప్పుకున్నాడు. లోపల ఎవరో నవ్వారు. మహమూద్ తల వంచుకున్నాడు. ధర్మయ్య తన నంబరు వెతుక్కుని కూర్చున్నాడు.

మహమూద్, ఇంకో కుర్రాడు పాసయ్యారు. మూడోవాడు, ధర్మయ్య తప్పారు. ధర్మయ్యకు మిగతావన్నీ వచ్చాయి, ఇంగ్లీషు పోయింది. ఫలితం తెలిసిన మర్నాడు కూడా ఆయన వేళకే కొట్టానికి వచ్చి భాగహారాలు చెప్పాడు. పిల్లలకు సంగతి తెలుసు. ఆరోజు ఎవరూ అల్లరి చేయలేదని, అదే పంతులుకు కష్టమనిపించిందని భీమమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

పాసైన ఇంకో కుర్రాడు హైదరాబాదులోనే పనికి కుదిరాడు. మహమూద్‌కు రాయచూరులో సుంకం కచేరీలో గుమాస్తా పని వచ్చింది. ఆ సాయంత్రం ధర్మయ్య గౌస్ పాషా ఇంటికి పోయాడు. గౌస్ పాషా కొలిమి ఆర్పి, చేతులు కడుక్కుని, చాప వేశాడు. కాసేపు ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

చివరికి గౌస్ పాషాయే అన్నాడు: "పంతులూ, మా పోరన్ని బడికి అడగనీకి వచ్చినవని నాకెరికే. నువ్వు అడుగుతే నేను కాదనలేను. గందుకే అడగకు."

"అడగను గౌస్ భాయ్."

"మా ఖాందాన్ల కుర్చీల కూసునే నౌకరీ ఎవ్వనికి రాలే."

"పోనీయ్. మంచిగ బతకనీయ్."

చాయ్ తాగి లేచి వచ్చాడు. మహమూద్ రాయచూరు పోయాడు. ధర్మయ్య మరుసటి ఏడు మళ్లీ పరీక్షకు కట్టాడు. ఈసారి ఇంగ్లీషులో ఆరు మార్కులు తక్కువై తప్పాడు. పుస్తకాలు అటక మీద పెట్టేశాడు. మళ్లీ కట్టలేదు. ఎనిమిదో జమాతు అర్జీ అలాగే పడివుంది.

1947 మొదట్లో మహమూద్ నౌకరీ వదిలి వచ్చాడు. తండ్రి మండిపడ్డాడు. కొడుకు తిన్నగా కొట్టానికి వచ్చాడు.

"ఎందుకొచ్చినవురా?" అన్నాడు ధర్మయ్య.

"ఆడ నా పేరు ఎవ్వరికి తెల్వదు పంతులూ. ఏయ్ బాబూ అని పిలుస్తరు. పొద్దంత బండ్లు లెక్కబెట్టుడే. ఇంక నాతోని కాదు."

"ఇక్కడ పెద్ద జీతం లేదు."

"తెలుసు."

అది బడి మీద ప్రేమో, రాయచూరు మీద విసుగో ధర్మయ్య విచారించలేదు. అర్జీ మళ్లీ రాశాడు. ఈసారి ఇజాజత్ వచ్చింది. ఆ వానాకాలం ఎనిమిదో జమాతు తెరిచారు. పంతొమ్మిదేళ్ల మహమూద్ హెడ్మాస్టరయ్యాడు. ధర్మయ్య అతని కింద మూడో జమాతుకు పంతులయ్యాడు.

మొదటిరోజు మహమూద్ కుర్చీ పక్కన నిలబడే ఉన్నాడు. "కూసో. నువ్వు నిలబడితే పిల్లలు గూడ నిలబడతరు," అన్నాడు ధర్మయ్య. అప్పుడు కూర్చున్నాడు. ఇంకోరోజు భీమమ్మకు జ్వరమొచ్చి దవాఖానకు తీసుకుపోయి ధర్మయ్య ఆలస్యంగా వచ్చాడు. మహమూద్ హాజరు పుస్తకంలో ఏమీ రాయలేదు. ధర్మయ్య పుస్తకం అతని ముందు పెట్టి, "ఆలస్యమని రాయి. రేపు ఇంకొకరు గిట్లనే వస్తే ఏమంటవు?" అన్నాడు. మహమూద్ ఎర్రసిరాతో రాశాడు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. నైజాం పాలన పోయింది. రైళ్లు కొన్నాళ్లు ఆగాయి, బడి మూశారు. తిరిగి తెరిచిన వారంలో బాలకిష్టయ్య, ఇంకో ఇద్దరు పెద్దలు ధర్మయ్య అరుగు మీదికి వచ్చారు.

"సర్కారు మారింది ధర్మయ్యా. హెడ్మాస్టరు కుర్చీల ఇగ నువ్వే కూసోవాలె. బడి నీది."

"మహమూద్ ఏం తప్పు చేసిండు మామా?"

"తప్పు చేసిండని ఎవరన్నరు? కాలం మారింది అంటున్న."

"కాలం మారితే మారనీ. నేను ఇంగ్లీషుల తప్పింది మారుతదా?"

బాలకిష్టయ్యకు కోపమొచ్చింది. "నవ్వులాటగుందా నీకు?"

"నవ్వులాట కాదు. మెట్రిక్ లేనోడు కూసుంటే ఇజాజత్ పోతది. ఎనిమిదో జమాతు పోతది. అండ్ల మీ మనుమడే ఉన్నడు."

పెద్దలు లేచి వెళ్లిపోయారు. ఆ ఇద్దరిలో ఒకాయన తన పిల్లల్ని బడి మాన్పించాడు. బాలకిష్టయ్య మనవడు మాత్రం మర్నాడు మామూలుగానే వచ్చాడు.

సంగతి మహమూద్ చెవిన పడింది. సాయంత్రం ధర్మయ్య దగ్గరికి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"మా నాయిన హైదరాబాద్ పోదామంటుండు. పరేషాన్‌ల ఉన్నడు," అన్నాడు.

"నువ్వేమంటవు?"

"నాకేం తోస్తలేదు పంతులూ."

"పోవుడైతే చెప్పి పో. ఎనిమిదో జమాతు పేపర్లు దిద్ది పో. అవి నాతోని కావు. నన్నడుగుతే మాత్రం ఉండమంట. గౌస్ భాయ్‌ని ఈసారి నేనే అడుగుత," అన్నాడు.

అడిగాడు. గౌస్ పాషా కాదనలేదు. ఆ ఇంట్లో కట్టిన మూటలు మళ్లీ విప్పారు.

మరుసటి ఏడు చదువు తెలుగులోకి మారుతుందని తాఖీదు వచ్చింది. మహమూద్ పదేళ్లు చదివింది ఉర్దూలో. మాట్లాడే తెలుగు వీధిలో వచ్చిందే గాని, లెక్కలు తెలుగులో చెప్పడం అతనికి రాదు. ధర్మయ్యకూ పెద్ద లెక్కల మాటలు తెలుగులో తెలియవు. ఇద్దరూ కర్నూలు నుంచి ఒక పాత పుస్తకం తెప్పించుకుని కూర్చున్నారు. ముసల్లస్ అంటే త్రిభుజం, తక్సీమ్ అంటే భాగహారం అని వరసగా రాసుకున్నారు. మధ్యమధ్య వాదించుకున్నారు. కొన్ని మాటలకు ఎంత వెతికినా తెలుగు దొరక్క ఉర్దూవే ఉంచేశారు. ఆ బడిలో చదివినవాళ్లు ఎన్నో ఏళ్లు అట్లా రెండూ కలిపే లెక్కలు చెప్పేవారు.

ఏడాదికొక జమాతు పెరిగి, 1949 చివరికి పదో జమాతులో తొమ్మిది మంది ఉన్నారు. ఎనిమిది మంది నేతపనివాళ్ల పిల్లలు, ఒకడు చాకలి వెంకటయ్య కొడుకు. వాళ్లలో ఐదుగురు మెట్రిక్ పాసయ్యారు. పాసైనవాళ్లలో ఇద్దరు మగ్గం మీదే కూర్చున్నారు, ముగ్గురు ఊరు దాటారు. ధర్మయ్య కళ్లు పూర్తిగా మసకబారేదాకా మూడో జమాతుకే చెప్పాడు.